ఫ్యాను మోత ఎక్కడిది? బ్రౌజరు ప్రాసెసరును అతిగా వాడినప్పుడు కారణం వెతికే పద్ధతి

చెన్నై వేళచ్చేరిలో అద్దె గదిలో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థి దగ్గర, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఉందనుకుందాం. అందులోని ప్రాసెసరు ఇంటెల్ ఆరో తరానికి చెందిన ఐ5-6300యూ. రెండు కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు; ఒక్కో కోరు ఒకేసారి రెండు పనుల వరుసలను నడపగలదు కనుక నాలుగు థ్రెడ్లు. కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లలో ఈ తరం చిప్పులు తరచుగా కనిపిస్తాయి. బ్రౌజరులో నాలుగైదు ట్యాబ్‌లు తెరిచి ఉన్నాయి. వీడియో ఏదీ నడవడం లేదు, కీబోర్డు మీద చెయ్యి లేదు, అయినా ఫ్యాను ఆగకుండా హోరెత్తుతోంది. విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే బ్రౌజరు పేరుకు ఎదురుగా 25, 26, మళ్లీ 25 అని కనిపిస్తోంది. ప్రాసెసరులో మూడొంతులు ఖాళీగానే ఉన్నట్టుంది కదా, మరి ఈ మోత దేనికన్న సందేహం సహజమే.

ఆ సందేహం అంకెను చదవడంలో జరిగిన పొరపాటు నుంచి పుట్టింది. విండోస్ టాస్క్ మేనేజర్ చూపే శాతం మొత్తం ప్రాసెసరుకు సంబంధించినది. అంటే నాలుగు థ్రెడ్లూ కలిపితే నూరు. అందులో 25 అంటే ఒక థ్రెడ్డు ఊపిరి సలపకుండా పనిచేస్తోందని అర్థం. అదే జబ్బు ఎనిమిది థ్రెడ్ల యంత్రంలో 12.5 గానూ, పదహారు థ్రెడ్ల యంత్రంలో 6.25 గానూ కనిపిస్తుంది కాబట్టి, యంత్రం ఎంత పెద్దదైతే లక్షణం అంత చిన్నదిగా తోస్తుంది. లినక్స్‌లోని టాప్, మ్యాక్‌లోని యాక్టివిటీ మానిటర్, క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్ లెక్క వేరు. అవి ఒక్కో థ్రెడ్డును నూరుగా లెక్కిస్తాయి కనుక అక్కడ అంకె నూరు దాటి కూడా పోవచ్చు. విండోస్‌లో 25 అని, క్రోమ్‌లో 100 అని కనిపిస్తే రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతోందని కాదు, ఒకే సంగతిని రెండు కొలతల్లో చెబుతున్నాయంతే.

ఈ లెక్క తెలిస్తే సగం పని అయినట్టే. ఒక వెబ్ పేజీలోని జావాస్క్రిప్టు, అంటే పేజీని కదిలించే కోడు, ప్రధానంగా ఒకే థ్రెడ్డు మీద నడుస్తుంది. కనుక అంకె కచ్చితంగా ఒక థ్రెడ్డు వాటా దగ్గర, గోడకు కొట్టిన మేకులా కదలకుండా నిలబడితే, ఎక్కడో ఏదో ఒక కోడు తెరపి లేకుండా గిరగిర తిరుగుతోందని అనుమానించాలి. అలా కాక 15 నుంచి 70 వరకు ఎగసిపడుతూ ఉంటే అది వీడియోనో, యానిమేషనో, లేక చిన్నచిన్న పనులు కూడబలుక్కోవడమో అయి ఉంటుంది. ఏ సెట్టింగునూ ముట్టుకోకముందు అరనిమిషం ఆ అంకె నడతను గమనించడం, ఇంటర్నెట్టులో దొరికే పది చిట్కాలను వరుసగా ప్రయోగించడం కన్నా ఎక్కువ చెబుతుంది.

తర్వాతి ప్రశ్న: ఆ థ్రెడ్డు ఎవరిది? ఇక్కడ ‘బ్రౌజరు’ అన్న జవాబు చాలదు. 2008 సెప్టెంబరులో క్రోమ్ వచ్చినప్పుడు దాని ముఖ్యమైన కొత్తదనం, ట్యాబ్‌లను వేర్వేరు ప్రాసెస్‌లుగా, అంటే విడివిడి ప్రోగ్రాముల్లా నడపడం. ఫైర్‌ఫాక్స్ అదే దారిలోకి 2016 ఆగస్టులో 48వ వెర్షన్‌తో అడుగుపెట్టింది. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసరు లోపం బయటపడ్డాక, ఒక సైటు డేటాను మరో సైటు తొంగిచూడకుండా ఉండాలంటే సైటుకో ప్రాసెస్ ఉండక తప్పదని తేలి, క్రోమ్ అదే ఏడాది 67వ వెర్షన్ నుంచి డెస్క్‌టాప్ వాడకందారుల్లో దాదాపు అందరికీ ఆ ఏర్పాటును వర్తింపజేసింది. ఫలితంగా నేటి బ్రౌజరు ఒకే కప్పు కింద పాతిక కాపురాలున్న లోగిలి. ట్యాబ్‌లకు కొన్ని, పేజీలో అతికించిన వేరే సైటు ప్రకటనలకు కొన్ని, బ్రౌజరుకు అదనంగా తగిలించుకునే ఎక్స్‌టెన్షన్లకు కొన్ని, గ్రాఫిక్స్‌కు ఒకటి, నెట్‌వర్క్‌కు ఒకటి. టాస్క్ మేనేజర్‌లో క్రోమ్ పేరు ఇరవైసార్లు కనిపించిందని కంగారుపడి ఒక్కొక్కదాన్నీ ఎండ్ టాస్క్ కొట్టేవాళ్లుంటారు. ఊరికే కూర్చున్న ప్రాసెస్ మెమరీ తింటుందే కానీ ప్రాసెసరును తినదు. వరుసల సంఖ్య ఇక్కడ సమస్యే కాదు.

లోగిలిలో ఎవరింట్లో దీపం వెలుగుతోందో చూడటానికి బ్రౌజరే ఒక కిటికీ పెట్టింది. క్రోమ్‌లో విండోస్, లినక్స్ మీద షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మ్యాక్‌లో అది మెనూలో దొరుకుతుంది. సీపీయూ, అంటే ప్రాసెసరు, అన్న నిలువు వరుస శీర్షిక మీద నొక్కితే ఎక్కువ వాడేవి పైకి వస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ పట్టీలో అబౌట్ అని ఇంగ్లిషులో టైపు చేసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ప్రాసెసెస్ అని రాస్తే అలాంటి పట్టికే వస్తుంది. క్రోమ్ పట్టికలో ‘ట్యాబ్’ అని మొదలయ్యే వరుస పేజీది, ‘సబ్‌ఫ్రేమ్’ అన్నది పేజీలో ఇరికించిన వేరే సైటుది, ఎక్కువ సందర్భాల్లో ప్రకటనది. ‘ఎక్స్‌టెన్షన్’ అన్నది పేరులోనే ఉంది. ‘సర్వీస్ వర్కర్’ అన్నది ట్యాబ్ మూసినా నోటిఫికేషన్ల వంటి పనుల కోసం మేలుకునే భాగం.

వేళచ్చేరి ల్యాప్‌టాప్‌లో ఈ పట్టిక తెరిస్తే, ఒక వార్తల సైటు ట్యాబ్‌కు ఎదురుగా 97, 99, 98 అని కనిపించిందనుకుందాం. తీర్పు ఇచ్చేయడం తేలిక: సైటు చెత్తది, మూసేయాలి. మూసేస్తే ఫ్యాను నెమ్మదిస్తుంది కూడా. కానీ ఇదే సైటు పక్క గదిలోని స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఏ గొడవా లేకుండా తెరుచుకుంటోంది. తేడా ఎక్కడ?

ఎక్స్‌టెన్షన్లు రెండు చోట్ల పనిచేస్తాయి. వాటి వెనుక భాగం తమ సొంత ప్రాసెస్‌లో ఉంటుంది, పట్టికలో తమ పేరుతోనే కనిపిస్తుంది. కానీ పేజీని చదివే, మార్చే భాగాన్ని, అంటే కంటెంట్ స్క్రిప్టును, బ్రౌజరు ఆ పేజీ ప్రాసెస్‌లోకే దించుతుంది. అది చేసిన ఖర్చంతా పేజీ ఖాతాలో పడుతుంది. ఈ ఉదాహరణలో ఆన్‌లైన్ కొనుగోళ్లకు కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంది. పేజీలో ఎక్కడైనా ఏ చిన్న మార్పు జరిగినా తనకు తెలియజేయమని బ్రౌజరును అడిగి, తెలిసిన ప్రతిసారీ పేజీ మొత్తాన్ని మొదటి నుంచీ గాలించేలా దాన్ని రాశారు. వార్తల సైటు పైభాగంలో బ్రేకింగ్ న్యూస్ పట్టీ ఒకటి క్షణక్షణం జరుగుతూ ఉంటుంది. పట్టీ ఒక్క అడుగు జరిగితే ఎక్స్‌టెన్షన్ వేలకొద్దీ పేజీ భాగాలను వెతుకుతుంది. ఆ వెతుకులాట ముగిసేలోగా పట్టీ మరో అడుగు జరుగుతుంది. విడివిడిగా చూస్తే పట్టీ తప్పేమీ పెద్దది కాదు, ఎక్స్‌టెన్షన్ మామూలు పేజీల్లో మర్యాదగానే ఉంటుంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు రెండూ కలిసినప్పుడే ఒక థ్రెడ్డు పూర్తిగా మునిగిపోతోంది. పట్టికలో నింద మాత్రం సైటుకే పడింది.

అందుకే ట్యాబ్ వరుసలో పెద్ద అంకె కనిపించినప్పుడు తర్వాతి అడుగు, అదే పేజీని ఎక్స్‌టెన్షన్లు లేకుండా తెరిచి చూడటం. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ అందుకు దగ్గరి దారి, ఎందుకంటే ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అయితే అక్కడ లాగిన్లు, కుకీలు కూడా ఉండవు కాబట్టి సైటు వేరే పేజీని చూపించవచ్చు. ఒకేసారి రెండు సంగతులు మారితే ఏది కారణమో చెప్పలేం. కొత్త ప్రొఫైల్ సృష్టించి, అందులో లాగిన్ అయి చూడటం ఇంకొంచెం శ్రమ అయినా నమ్మదగిన పరీక్ష. ఫైర్‌ఫాక్స్‌లో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది కానీ దాని ఫలితాన్ని చదవడంలో జాగ్రత్త కావాలి. అది ఎక్స్‌టెన్షన్లతో పాటు, గ్రాఫిక్స్ భాగానికి పని అప్పగించే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌నూ, జావాస్క్రిప్టును వేగంగా నడిపే కంపైలరునూ కూడా ఆపేస్తుంది. కనుక అందులో ప్రాసెసరు వాడకం తగ్గితే ఎక్స్‌టెన్షన్ మీద అనుమానం బలపడుతుంది. పెరిగితే మాత్రం అది ఆ మోడ్ స్వభావమే కావచ్చు, దాని నుంచి ఏ నిర్ణయానికీ రాకూడదు.

ఎక్స్‌టెన్షనే కారణమని తేలాక ఒక్కొక్కటిగా ఆపి చూడటం కన్నా సగాన్ని ఒక్కసారి ఆపడం మేలు. పదహారు ఎక్స్‌టెన్షన్లుంటే ఎనిమిది ఆపాలి. బాధ పోతే దోషి ఆ ఎనిమిదిలో, పోకపోతే మిగతా ఎనిమిదిలో ఉన్నట్టు. ఇలా నాలుగు విడతల్లో దోషి ఒక్కటే మిగులుతుంది. ఒక మినహాయింపు: ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్లు రెండు ఉండి, రెండూ ప్రతి పేజీనీ వడపోస్తూ ఒకదాని పనిని మరొకటి తిరగతోడుతుంటే, విడదీసి చూసినప్పుడు రెండూ నిర్దోషులుగానే కనిపిస్తాయి. ఒకటే ఉంటే మాత్రం అది సాధారణంగా ప్రాసెసరు భారాన్ని తగ్గిస్తుంది, ఎందుకంటే నడవాల్సిన ప్రకటనల కోడే లోపలికి రాదు.

పేజీలే నేరుగా దోషులైన సందర్భాలూ లేకపోలేదు. కంటికి కనిపించే ట్యాబ్‌లో యానిమేషన్ నడుస్తుంటే పేజీ సెకనుకు 60 సార్లు, అంటే దాదాపు ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి కొత్త బొమ్మ గీయాలి. 144 హెర్ట్జ్ గేమింగ్ మానిటరు తగిలిస్తే అదే పేజీ సెకనుకు 144 సార్లు గీయబోతుంది. మానిటరు మార్చాక బ్రౌజరు బరువెక్కిందన్న ఫిర్యాదు వెనుక కొన్నిసార్లు ఉన్నది ఇంతే. ఎంత చిన్న యానిమేషన్‌కు ఎంత ఖర్చవుతుందో చెప్పడానికి 2017లో వెలుగుచూసిన ఒక సంగతి చాలు. విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్ లోపల ఉన్నది క్రోమ్‌కు మూలమైన క్రోమియం బ్రౌజరే. అందులో ఏమీ టైపు చేయకుండా ఊరికే ఉంచినా దాదాపు 13 శాతం సీపీయూ ఖర్చవుతోందని ఒకరు గుర్తించారు. కారణం, మిణుకుమనే కర్సరు. అరసెకనుకు ఒకసారి కనిపించి మాయమయ్యే ఆ సన్నని గీత కోసం, లోపలి బ్రౌజరు ప్రతి 16 మిల్లీసెకన్లకు లేచి ఏమైనా మారిందా అని చూసుకుంటోంది.

వెనుక ఉన్న ట్యాబ్‌ల విషయంలో బ్రౌజర్లు కొంత కట్టడి పెట్టాయి. చూపుకు రాని ట్యాబ్‌లో యానిమేషన్ పిలుపులు ఆగిపోతాయి. 2017లో క్రోమ్ 57 నుంచి వెనుక ట్యాబ్‌ల టైమర్లకు ఒక కోరులో సగటున 1 శాతం మించని బడ్జెట్ పెట్టారు. 2021 జనవరిలో క్రోమ్ 88 నుంచి, ఐదు నిమిషాలకు పైగా మరుగున ఉన్న ట్యాబ్ టైమర్లను నిమిషానికి ఒకసారి మాత్రమే మేలుకోనిస్తున్నారు. అయితే శబ్దం వినిపిస్తున్న ట్యాబ్‌కూ, వీడియో కాల్ నడుస్తున్న ట్యాబ్‌కూ ఈ ఆంక్షల నుంచి మినహాయింపు ఉంది. ప్రకటనల మీద వేరే చట్టముంది: 2020 నాటి క్రోమ్ 85 నుంచి, వాడకందారు ముట్టుకోని ప్రకటన ఏదైనా మొత్తం 60 సెకన్ల సీపీయూ సమయాన్ని గానీ, ఏ 30 సెకన్ల వ్యవధిలోనైనా 15 సెకన్లను గానీ, లేదా 4 మెగాబైట్ల నెట్‌వర్కును గానీ మించి వాడితే బ్రౌజరు దాన్ని పీకేసి, ఆ స్థానంలో బూడిదరంగు పెట్టెను చూపిస్తుంది. వార్తల సైట్లలో అప్పుడప్పుడు కనిపించే ఆ ఖాళీ పెట్టె అలా శిక్ష పడిన ప్రకటన కావచ్చు.

ఇక దొంగతనంగా ప్రాసెసరును వాడుకోవడం సంగతి. 2017 సెప్టెంబరులో మొదలైన కాయిన్‌హైవ్ అనే సేవ, సైటుకు వచ్చినవాళ్ల ప్రాసెసర్ల మీద మొనేరో అనే క్రిప్టో కరెన్సీని తవ్వే స్క్రిప్టును అందించింది. సైటు యజమానులు కొందరు తెలిసే పెట్టుకున్నారు. చాలాచోట్ల సైటులోకి చొరబడినవాళ్లు పెట్టారు. 2018 సెప్టెంబరులో ఇలాంటి స్క్రిప్టులున్న భారతీయ సైట్ల గురించి వార్తలు వచ్చినప్పుడు ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం సైట్లు కూడా ఉన్నాయి. పన్ను వివరాల కోసం సైటు తెరిచిన మనిషి ల్యాప్‌టాప్ ఎవరికో కాసులు రాల్చిందన్నమాట. కాయిన్‌హైవ్ 2019 మార్చిలో మూతపడింది, అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 69 ఇలాంటి తవ్వకాల స్క్రిప్టులను డిఫాల్టుగా ఆపడం మొదలుపెట్టింది. ఈ బెడద ఇప్పుడు వెనకటంత లేదు. ఒకే సైటు తెరిచినప్పుడు అన్ని థ్రెడ్లూ ఒక్కసారిగా నిండిపోయి, ట్యాబ్ మూయగానే చప్పున ఖాళీ అయితే మాత్రం దీన్ని గుర్తు చేసుకోవాలి.

మళ్లీ వేళచ్చేరికి. కూపన్ల ఎక్స్‌టెన్షన్ తీసేశాక ఆ మొండి 25 పోయింది. కానీ యూట్యూబ్‌లో కోచింగ్ క్లాసు పెట్టగానే అంకె 50, 60 మధ్య ఊగుతోంది, ఫ్యాను మళ్లీ లేచింది. ఇది పూర్తిగా వేరే జబ్బు. సామాన్య వాడకందారుల్లో ఎక్కువమందిని బాధించేదీ, తక్కువమంది పోల్చుకునేదీ ఇదేననిపిస్తుంది.

1080పీ వీడియో ఒక్కో బొమ్మలో దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. సెకనుకు 30 బొమ్మలంటే 6.2 కోట్ల చుక్కలు. ఇన్నింటినీ ఉన్నవి ఉన్నట్టు పంపడం కుదరదు కనుక కుదించి పంపుతారు, చూసే చోట విప్పుతారు. కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. విప్పే పనిని రెండు విధాల చేయవచ్చు: గ్రాఫిక్స్ భాగంలో ఆ పనికోసమే చెక్కిన సర్క్యూట్‌తో, లేదా మామూలు కోర్ల మీద సాఫ్ట్‌వేరుతో. మొదటిదానికి కరెంటు ఖర్చు నామమాత్రం. రెండోది కోర్లను పిండేస్తుంది. చిక్కేమిటంటే, చిప్పు తయారైన నాటికి లేని కోడెక్‌కు ఆ చిప్పులో సర్క్యూట్ ఉండదు, తర్వాత ఏ అప్‌డేటుతోనూ రాదు. హెచ్.264 పాతది, దాదాపు ప్రతి యంత్రంలోనూ దానికి సర్క్యూట్ ఉంది. గూగుల్ 2013లో తెచ్చిన వీపీ9ను పూర్తిగా విప్పగల సర్క్యూట్ ఇంటెల్ చిప్పుల్లో ఏడో తరంతో వచ్చింది. 2018లో ఖరారైన ఏవీ1కు పదకొండో తరం దాకా ఆగాల్సి వచ్చింది. ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో 2023 నాటి ఎం3 చిప్పుతో గానీ రాలేదు. యూట్యూబ్ మాత్రం తన బ్యాండ్‌విడ్తు ఆదా కోసం వీపీ9, ఏవీ1లనే ఎక్కువగా పంపుతుంది. ఆరో తరం ల్యాప్‌టాప్ కొన్న విద్యార్థి సరిగ్గా గీతకు అవతలి పక్క ఉండిపోయాడు.

దీన్ని నిర్ధారించుకోవడం తేలిక. నడుస్తున్న యూట్యూబ్ వీడియో మీద కుడి క్లిక్కు కొడితే ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ అన్న ఎంపిక వస్తుంది. అందులో కోడెక్స్ అన్న వరుసలో ఏవీసీ1 అని మొదలైతే హెచ్.264, వీపీ09 అయితే వీపీ9, ఏవీ01 అయితే ఏవీ1. పక్కనే విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి, జీపీయూ, అంటే గ్రాఫిక్స్ భాగం, కింద ‘వీడియో డీకోడ్’ గ్రాఫును చూడాలి. వీడియో నడుస్తున్నా ఆ గీత నేలకు అంటుకుని ఉంటే విప్పే పనంతా కోర్ల నెత్తినే పడిందని అర్థం. సాఫ్ట్‌వేరు విప్పుడు క్రోమ్‌లో ఆ ట్యాబ్ ఖాతాలోనే పడుతుంది, హార్డ్‌వేరు విప్పుడు జీపీయూ ప్రాసెస్ వైపు పోతుంది. పట్టికలో ఏ వరుస పెరిగిందన్నదీ అదే మాట చెబుతుంది.

మందు రెండు రకాలు. యూట్యూబ్‌ను హెచ్.264 మాత్రమే పంపమని అడిగే చిన్న ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. వాటితో 1080పీకి మించిన నాణ్యత దొరకదు, ఈ తెరకు అంతకు మించి అక్కర్లేదు కూడా. లేదా నాణ్యతను 480పీకి దించడం. నల్లబల్ల మీద సుద్దతో రాసే క్లాసుకు అది చాలు, విప్పాల్సిన చుక్కలు ఐదో వంతుకు పడిపోతాయి. ఎక్స్‌టెన్షన్లను తీసేయమన్న వ్యాసంలోనే మరో ఎక్స్‌టెన్షన్ పెట్టమనడం వింతగా ఉండవచ్చు గానీ, ఇది ఏ పని ఎందుకు చేస్తోందో తెలిసి పెట్టుకునేది.

సరిగ్గా ఇక్కడే, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేయమన్న ప్రసిద్ధ చిట్కాను జాగ్రత్తగా చూడాలి. దాన్ని ఆపితే గ్రాఫిక్స్ భాగం చేసే పనంతా, గీయడం, పొరలు పేర్చడం, వీడియో విప్పడం, కోర్ల మీద పడుతుంది. ప్రాసెసరు భారం తగ్గాలని కోరుకునేవాడు చేయాల్సింది ఇందుకు పూర్తిగా విరుద్ధం. గ్రాఫిక్స్ డ్రైవరు చెడి తెర మిణుకుమనడం, బ్రౌజరు కూలిపోవడం వంటివి జరుగుతుంటే మాత్రం ఈ సెట్టింగు తాత్కాలికంగా పనికొస్తుంది. అసలు మందు డ్రైవరు అప్‌డేటు. ఎవరో ఎప్పుడో ఆపేసి మరిచిపోయిన యంత్రాలు చాలా ఉంటాయి, అందువల్ల అది ఆన్‌లో ఉందో లేదో చూడటాన్నే ఒక పరీక్షగా పెట్టుకోవచ్చు.

చెన్నై ఓఎంఆర్ రోడ్డులోని ఐటీ కంపెనీల్లో పనిచేస్తూ ఇంటి నుంచి మీటింగులకు హాజరయ్యేవాళ్ల సమస్య దీనికి తోబుట్టువు. వీడియో కాల్‌లో ఎదుటివాళ్ల వీడియోను విప్పడంతో పాటు సొంత వీడియోను కుదించాలి కూడా, అదీ అక్కడికక్కడే. దానికి తోడు వెనుక ఆరేసిన బట్టలు కనబడకుండా బ్యాక్‌గ్రౌండును మసకచేస్తే, ప్రతి బొమ్మలో మనిషి ఎక్కడ, గోడ ఎక్కడ అని వేరుచేసే లెక్క అదనం. మసక తీసేసి గోడకు ఆనుకుని కూర్చోవడమే ఇక్కడ అన్నిటికన్నా చవకైన పరిష్కారం.

కారణం బ్రౌజరు బయటే ఉండిపోవడమూ జరుగుతుంది, అలాంటప్పుడు అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు బ్రౌజరును తీసేసి మళ్లీ పెట్టుకున్నా ఫలితం శూన్యం. ఫైర్‌ఫాక్స్ వాడుతున్నప్పుడల్లా విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ప్రాసెస్ విపరీతంగా సీపీయూ వాడుతోందన్న ఫిర్యాదు 2018లో నమోదైంది. ఫైర్‌ఫాక్స్ చేసే కొన్ని మామూలు మెమరీ పిలుపులు డిఫెండర్‌కు అంతులేని ఘటనల ప్రవాహంగా చేరుతున్నాయి, అది ఒక్కొక్కదాన్నీ అవసరానికి మించి పరిశీలిస్తోంది. మైక్రోసాఫ్ట్ 2023లో సవరణ విడుదల చేశాక ఫైర్‌ఫాక్స్‌లో బ్రౌజింగ్ వేళ డిఫెండర్ వాడకం దాదాపు 75 శాతం తగ్గింది. అంటే అయిదేళ్లపాటు బ్రౌజరు లోపల ఎంత గాలించినా దొరకని జబ్బు అది. క్రోమ్ తనతో పాటు మోసుకొచ్చిన సాఫ్ట్‌వేర్ రిపోర్టర్ అనే శుభ్రతా పరికరం ప్రాసెసరును తినడం కూడా చాలాకాలం సాగింది, 2023లో క్రోమ్ 111తో దాన్ని ఎత్తేశారు. బ్రౌజరు సొంత తప్పుకూ ఉదాహరణ ఉంది. 2022 జనవరి 13న ఒక క్లౌడ్ సేవలో, వెబ్ డేటాను పంపే కొత్త పద్ధతి హెచ్‌టీటీపీ 3 డిఫాల్టుగా మారడంతో, ఫైర్‌ఫాక్స్ కోడులో నిద్రాణంగా ఉన్న ఒక లోపం మేలుకుని, నెట్‌వర్క్ థ్రెడ్డు అనంతమైన చక్రంలో చిక్కుకుంది. పేజీలేవీ తెరుచుకోలేదు. ఆ ఉదయం ఎవరూ ఏ సెట్టింగూ మార్చలేదు, ఏ ఎక్స్‌టెన్షనూ పెట్టలేదు. నిన్నటిదాకా బాగున్నది ఈరోజు ఉన్నట్టుండి చెడితే, అదే రోజు ఇతరులకూ చెడిందా అని చూడటం మొదటి పని.

కాష్ శుభ్రం చేయమనే సలహా ప్రతి జాబితాలోనూ మొదటిదిగా ఉంటుంది. కాష్ అంటే చూసిన పేజీల భాగాలను మళ్లీ వాడుకునేందుకు దాచిన నిల్వ, డిస్కు మీద ఉండేది. గిరగిర తిరిగే కోడుకూ దానికీ సంబంధం అరుదు. తీసేశాక పేజీలు మళ్లీ డౌన్‌లోడు కావాలి, ఆ కాసేపు పని పెరుగుతుంది కూడా. తెలుగు ఫాంట్ల వల్లే బ్రౌజరు బరువెక్కుతుందన్న అనుమానం మనవాళ్లలో కొందరికి ఉంది. గుణింతాలు, ఒత్తులు పేర్చడం లాటిన్ అక్షరాల కన్నా శ్రమే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అందుకు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీనే వాడతాయి. కానీ ఆ పని పేజీ పరిచేటప్పుడు జరిగేది, ఒకసారి పేర్చిన పదాలను దాచుకుంటాయి. కదలకుండా ఉన్న తెలుగు పేజీ ప్రాసెసరును తింటోందంటే కారణం అక్షరాలు కావు.

ఇవన్నీ చక్కబెట్టాక కూడా మే నెల మధ్యాహ్నాల్లో ఆ ల్యాప్‌టాప్ మొరాయిస్తే, చూడాల్సింది గది వైపు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. చెన్నైలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది. ఈ చిప్పు ఉష్ణోగ్రత హద్దు 100 డిగ్రీలు. వేడి బయటికి పోయే వేగం చిప్పుకూ గది గాలికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. 24 డిగ్రీల ఏసీ గదిలో ఆ తేడా 76. ఏసీ లేని 38 డిగ్రీల గదిలో 62. అదే ఫ్యాను, అదే వేగంతో తిరిగినా బయటికి నెట్టగలిగే వేడి దాదాపు 18 శాతం తక్కువ. హద్దు దగ్గర పడగానే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వేగం తగ్గితే అదే పేజీకి అదే పని ఎక్కువసేపు పడుతుంది, కోరు ఎక్కువసేపు నిండి ఉంటుంది, చూసేవాళ్లకు బ్రౌజరే బద్ధకించినట్టు తోస్తుంది. మ్యాక్‌బుక్‌లలో ఇది ఇంకో వేషంలో వస్తుంది. యాక్టివిటీ మానిటర్‌లో కెర్నల్ టాస్క్ అనే ప్రాసెస్ భారీ శాతాన్ని చూపుతుంది. ఆపిల్ వివరణ ప్రకారం దాని పనుల్లో ఒకటి, ప్రాసెసరును గట్టిగా వాడేవాటికి అందుబాటు తగ్గించి ఉష్ణోగ్రతను అదుపులో పెట్టడం. అంటే అది మంట కాదు, మంటార్పే మనిషి. దాన్ని ఆపాలని చూడటం తెలివితక్కువ.

విండోస్‌లో ఇది తేల్చుకోవడానికి పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ కింద ఉండే ‘స్పీడ్’ అన్న అంకె చాలు. ఐ5-6300యూ మూలవేగం 2.4 గిగాహెర్ట్జ్. పని బాగా ఉన్నప్పుడు కూడా ఈ అంకె అంతకన్నా బాగా కిందే ఉండిపోతే, ముందుగా ఛార్జరు పెట్టి ఉందా, పవర్ మోడ్ ఏదో చూసుకుని, ఆ తర్వాత వేడిని అనుమానించాలి. పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్‌కు అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి; ఏళ్ల తరబడి వాడినదానిలో ఫ్యాను రెక్కల మీద దుమ్ము అట్టకట్టి, చిప్పుకూ లోహపు పలకకూ మధ్య రాసిన థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. రిచీ స్ట్రీట్ లాంటి చోట్ల దాన్ని విప్పి శుభ్రం చేసి కొత్త పేస్టు రాసేవాళ్లు దొరుకుతారు. దుకాణానికి వెళ్లేముందు ఒకసారి, తెచ్చుకున్నాక ఒకసారి, అదే గదిలో, అదే మధ్యాహ్నం వేళకు, అదే క్లాసు వీడియోను అదే నాణ్యతలో పది నిమిషాలు నడిపి, పదో నిమిషంలో స్పీడ్ ఎంత ఉందో నోటుపుస్తకంలో రాసుకుంటే, చెల్లించిన డబ్బుకు దుమ్మే వదిలిందో, వేడి కూడా వదిలిందో ఆ రెండు అంకెల తేడాలో కనిపిస్తుంది.